రిపోర్టుల్లోంచి కంపెనీ వివరాలు లాగడం – మూడో పాఠం: సిన్ దొరకబుచ్చుకోవడం

పోయిన పాఠంలో పీడీఎఫ్‌ప్లంబర్ అనే పైథాన్ లైబ్రరీతో వార్షిక నివేదికను టెక్స్టుగా మార్చి, పేజీకొక ఫైలు చొప్పున దాచుకున్నాం. అది చెయ్యనివాళ్లు ముందు అది చేసి రండి. ఇవాళ్టి పనంతా ఆ ఫైళ్ల మీదే.

కంపెనీని గుర్తుపట్టాలంటే పేరు వెతికితే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. మన బంజారాహిల్స్‌లోని డాక్టర్ రెడ్డీస్ పేరే తీసుకోండి. ఇంగ్లీషులో 'వై', 'ఎస్' మధ్య ఉండే అపాస్ట్రఫీ ఒక పేజీలో నిటారుగా, ఇంకో పేజీలో వంకరగా ఉండొచ్చు. మన కంటికి రెండూ ఒకటే, ప్రోగ్రాముకు మాత్రం రెండు కంపెనీలు. అందుకే పేరును పక్కనబెట్టి సిన్, అంటే కార్పొరేట్ ఐడెంటిటీ నంబర్, పట్టుకుందాం. 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం లెటర్‌హెడ్ మీదా నోటీసుల మీదా అది ఉండాల్సిందే. కాబట్టి ఈ సెక్షన్ అమల్లోకొచ్చాక వెలువడిన నివేదికలో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది; అంతకుముందరి వాటిలో లేకపోవచ్చు.

డాక్టర్ రెడ్డీస్ సిన్ ఇది: ఎల్85195టీజీ1984పీఎల్‌సీ004507. ఇంగ్లీషులో రాస్తే మొత్తం 21 గళ్లు. మొదటి అక్షరం ఎల్ అయితే స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన కంపెనీ, యు అయితే కానిది. తర్వాతి ఐదంకెలు వ్యాపార రంగం కోడ్. ఆ తర్వాత రాష్ట్రం, పుట్టిన సంవత్సరం, కంపెనీ రకం, చివర ఆరంకెల రిజిస్ట్రేషన్ నంబరు. రకం దగ్గర పీఎల్‌సీ పబ్లిక్, పీటీసీ ప్రైవేట్. సింగరేణి సిన్‌లో అయితే 1920 పక్కన ఎస్‌జీసీ, అంటే రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ అని కనిపిస్తుంది.

రంగం కోడ్‌ను మాత్రం నమ్మకండి. అది ఏ కాలంలో ఇచ్చినదో, అప్పటి వర్గీకరణ ప్రకారం ఉంటుంది. 2008 నాటి వర్గీకరణలో 85 అంటే విద్య, మందుల తయారీ 21. ఆ లెక్కన డాక్టర్ రెడ్డీస్ బడి నడుపుతున్నట్టు!

ఇప్పుడు ప్యాటర్న్. అమీర్‌పేట జిరాక్స్ నోట్సులో రెజెక్స్ (టెక్స్టులో ఫలానా అచ్చులో ఉన్న ముక్కలను వెతికే గుర్తుల భాష) చాప్టర్ చూసి బెదిరినవాళ్లు టెన్షన్ పడొద్దు, మనకు నాలుగు గుర్తులు చాలు. స్క్వేర్ బ్రాకెట్‌లో ఎల్, యు. తర్వాత బ్యాక్‌స్లాష్, స్మాల్ డి (అంటే ఏదో ఒక అంకె), ఫ్లవర్ బ్రాకెట్‌లో 5 (అంటే ఐదుసార్లు). మళ్లీ స్క్వేర్ బ్రాకెట్‌లో ఏ నుంచి జెడ్, ఫ్లవర్ బ్రాకెట్‌లో 2. ఇదే పద్ధతిలో నాలుగంకెలు, మూడక్షరాలు, ఆరంకెలు. రాష్ట్రం దగ్గర టీఎస్ అని గట్టిగా రాసేయకండి. బండ్ల నంబర్లు 2024లో టీఎస్ నుంచి టీజీకి మారాయి గానీ, సిన్‌లో అంతకుముందు నుంచే టీజీ ఉంది. వెతికే ముందు టెక్స్టులోని ఖాళీలు, లైన్ బ్రేకులు తీసేసిన కాపీ ఒకటి చేసుకోండి, ఎందుకంటే సిన్ ఒక్కోసారి రెండు లైన్లుగా విరిగి ఉంటుంది.

అసలు ఇబ్బంది ఇక్కడే. మొదట దొరికిన సిన్‌నే తీసుకునేలా నేను ప్రోగ్రాము రాశాను. సంబంధం లేని రెండు కంపెనీలకు ఒకే సిన్ వచ్చింది. ఓ సాయంత్రమంతా ప్యాటర్న్‌ను తిట్టుకున్నాక తెలిసింది: ఆ రెండింటి షేర్ల లెక్కలు చూసే ట్రాన్స్‌ఫర్ ఏజెంటు ఒక్కరే, నా చేతికి చిక్కింది ఆ ఏజెంటు సిన్. ప్యాటర్న్ తప్పేమీ లేదు, తొందర నాది. అనుబంధ కంపెనీల పట్టికలో సిన్‌లు వరసగా ఉంటే ఇదే గొడవ.

అందుకని దొరికినవన్నీ, పేజీ నంబరుతో, ముందున్న రెండొందల అక్షరాలతో కలిపి ఒక పట్టికలో వేయండి. ఆ అక్షరాల్లో 'లిస్టెడ్ ఎంటిటీ' అన్న మాట ఉన్న వరుసకు పెద్దపీట. బీఆర్‌ఎస్‌ఆర్ అనే సుస్థిరత నివేదికలో మొట్టమొదటి ప్రశ్నే లిస్టెడ్ ఎంటిటీ సిన్ ఏమిటని. (చివర ఇంకో ఆర్ ఉంది, పార్టీ అనుకోకండి.) మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలకు 2022-23 నుంచి ఇది తప్పనిసరి. బీఆర్‌ఎస్‌ఆర్ లేని నివేదికల్లో వార్షిక సమావేశం నోటీసు పైభాగం చూడండి.

ఇంతా చేసి, సిన్ కూడా మారుతుంది. రాష్ట్ర విభజనకు ముందరి నివేదికల్లో డాక్టర్ రెడ్డీస్ సిన్‌లో టీజీ బదులు ఏపీ ఉంటుంది. ఐపీఓకు వెళ్లిన ప్రైవేట్ కంపెనీకి యు పోయి ఎల్, పీటీసీ పోయి పీఎల్‌సీ వస్తాయి. అందుకే సిన్ మొత్తాన్ని తాళంచెవిగా పెట్టుకోకుండా సంవత్సరం, చివరి ఆరంకెలు విడిగా దాచుకోండి; ఏపీ, టీజీ రెండింటినీ ఒకే గుంపుగా చూడండి. రిజిస్టర్డ్ ఆఫీసు వేరే రాష్ట్రం నుంచి మార్చుకొచ్చిన కంపెనీలకు ఈ కిటుకు మీద ఆధారపడొద్దు. వాటి పాత, కొత్త సిన్‌లు ఒక చిన్న ఫైల్లో చేత్తో రాసుకోవడమే మేలు.

ఇంటిపని: హైదరాబాద్‌లో రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ఏవైనా మూడు లిస్టెడ్ కంపెనీలవి 2012-13, 2023-24 నివేదికలు దింపుకోండి (పాతదాంట్లో సిన్ ఉన్న కంపెనీలనే ఎంచుకోండి). మొత్తం ఆరు ఫైళ్లు. మీ ప్రోగ్రాము వాటిని మూడు కంపెనీలుగానే లెక్కపెట్టాలి. ఆరు అని చెబితే ఏపీ, టీజీ సంగతి మరిచిపోయినట్టే. వచ్చే పాఠంలో డైరెక్టర్ల డిన్‌లు, అంటే డైరెక్టర్ ఐడెంటిఫికేషన్ నంబర్లు, పట్టుకుందాం. అందులో అక్షరాలే ఉండవు, ఉత్త ఎనిమిదంకెలు, కాబట్టి ఈసారి వలలో ఫోన్ నంబర్ల ముక్కలు కూడా పడతాయి.