ఇంటికి ఇన్సులేషన్ మన చేతులతో – 3వ పాఠం: పదార్థాన్ని ఎంచుకోవడం, అటక మీద పరచడం

గత పాఠంలో విద్యుత్ తీగలూ గొట్టాలూ లోకప్పు (గదికి పైన, అటకకు కింద ఉండే సీలింగు) గుండా పైకి వచ్చే చోట్లను, గోడలు లోకప్పును కలిసే అంచులను వెదికి సీలెంటుతో మూయడం నేర్చుకున్నాం. ఆ పని ఇంకా మిగిలి ఉన్నవారు ముందు దానిని పూర్తి చేసుకుని, ఆ తరువాతే ఈ పాఠానికి రావలసిందిగా కోరుతున్నాను. ఒకసారి పైన ఇన్సులేషన్ పరిచామంటే ఆ సందులు మళ్ళీ కంటికి కనబడవు. వాటి గుండా పోయే గాలిని ఇన్సులేషన్‌లోని పీచు వడకట్టగలదే గాని ఆపలేదు.

పదార్థాన్ని ఎంచుకునే ముందు ఒక సంగతిని మనసులో నాటుకోవాలి. గాజు పలక ఉష్ణవాహకత, అంటే వేడిని తన గుండా ఎంత సులభంగా పోనిస్తుందో చెప్పే అంకె, మీటరుకు, డిగ్రీకి దాదాపు 1 వాట్ ఉంటుంది. అదే గాజును సన్నని పీచుగా తీసి గ్లాస్‌వూల్‌గా మార్చితే అది 0.04 దగ్గరకు పడిపోతుంది. గాజు మారలేదు, పీచు మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి వచ్చి చేరింది. నిశ్చలంగా ఉన్న గాలి ఉష్ణవాహకత సుమారు 0.025 మాత్రమే. కాబట్టి వేడిని అడ్డుకునేది ముఖ్యంగా ఆ గాలే, పీచు దానిని పట్టి ఉంచుతుంది. ఈ పాఠంలో చెప్పబోయే జాగ్రత్తలలో చాలావరకు ఆ గాలిని కాపాడుకోవడానికే.

ఏ పొర వేడికి ఎంత నిరోధం ఇస్తుందో లెక్కించడం సులభం. మందాన్ని మీటర్లలో రాసి, దానిని ఉష్ణవాహకతతో భాగించాలి. 100 మిల్లీమీటర్ల గ్లాస్‌వూల్‌కు 0.1ని 0.04తో భాగిస్తే 2.5 వస్తుంది. 150 మిల్లీమీటర్ల కాంక్రీటుకు, దాని ఉష్ణవాహకతను 1.5గా తీసుకుంటే, వచ్చేది 0.1 మాత్రమే. కట్ట మీద ముద్రించిన ఆర్-విలువ ఇదే, కాని అమెరికా పద్ధతిలో ముద్రించిన అంకె దీనికి 5.68 రెట్లు ఉంటుంది. అక్కడి 14 మన లెక్కలో దాదాపు 2.5 అని గుర్తుంచుకుంటే రెండు కట్టలను పోల్చేటప్పుడు పొరపాటు జరగదు.

ఇక పదార్థాలు. పాలీయురేథేన్ జాతికి చెందిన ఫోమ్ పలకల ఉష్ణవాహకత 0.022 నుండి 0.028 వరకు ఉంటుంది కనుక తక్కువ మందంతోనే ఎక్కువ నిరోధం ఇస్తాయి. థర్మోకోల్ 0.035 ప్రాంతంలో, గ్లాస్‌వూల్, రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) 0.032 నుండి 0.044 మధ్య ఉంటాయి. అంకెలు మాత్రమే చూస్తే ఫోమ్ పలకే మేలనిపిస్తుంది. అయినా తొలిసారి పని చేసేవారికి, అటక విషయంలో, నేను మెత్తని వూల్ పరుపులనే సూచిస్తాను. ఎందుకో ఒక లెక్కతో చూపుతాను.

100 మిల్లీమీటర్ల ఫోమ్ పలక నిరోధం 4 అనుకుందాం. దూలాలు ఎక్కడా సూటిగా ఉండవు కనుక గట్టి పలకల అంచుల వెంట సందులు మిగిలి, మొత్తం వైశాల్యంలో 5 శాతం ఖాళీగా ఉండిపోయిందనీ, ఆ ఖాళీ చోట నిరోధం 0.25 మాత్రమేననీ అనుకుందాం. అప్పుడు చదరపు మీటరుకు, డిగ్రీకి సగటున 0.44 వాట్ల వేడి దాటుతుంది. నిరోధం 2.5 మాత్రమే ఉన్న గ్లాస్‌వూల్‌ను సందు లేకుండా పరిస్తే దాటేది 0.40 వాట్లు. శ్రద్ధగా పరచిన మామూలు పదార్థం అశ్రద్ధగా అమర్చిన మేలైన పదార్థాన్ని మించిపోయింది. పైగా ఫోమ్, థర్మోకోల్ రెండూ మండే స్వభావం గలవి కనుక గది వైపు వాటిని కప్పకుండా వదలకూడదు. రాక్‌వూల్ వెయ్యి డిగ్రీల వేడికి కూడా కరగదు.

మెరిసే రేకును కొనేవారికి ఒక మాట. అది వికిరణ రూపంలో వచ్చే వేడిని మాత్రమే వెనక్కి పంపుతుంది. అందుకు దాని మెరిసే ముఖానికి ఎదురుగా కనీసం 20 మిల్లీమీటర్ల గాలి ఖాళీ ఉండాలి. మెరిసే ముఖాన్ని ఖాళీ లేకుండా కప్పుకు అంటించేస్తే అది వట్టి అల్యూమినియం, వేడిని చక్కగా ప్రవహింపజేసే లోహం.

పరచడానికి ముందు అటకలో పాత ఇన్సులేషన్ ఉంటే చూడండి. బూడిద, బంగారు రంగుల్లో చిన్న చిన్న రాతి పలుకుల్లా ఉండే వర్మిక్యులైట్ కనబడితే దానిని కదపవద్దు. పాత ఇళ్ళలో దానితో, ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ కలిసి ఉండే అవకాశం ఉంది కనుక పరీక్ష చేయించిన తరువాతే ఏ పనైనా చేయాలి. అలాంటిదేమీ లేకపోతే మాస్కు, కళ్ళద్దాలు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, దూలాల మీద ఒక గట్టి పలక వేసి దాని మీదనే కూర్చుని పని చేయండి. దూలాల మధ్య అడుగు పెడితే లోకప్పు విరిగి కిందికి పడే ప్రమాదం ఉంది.

దూలాల మధ్య దూరాన్ని ప్రతి వరుసలోనూ విడిగా కొలిచి, పరుపును దానికంటే 10 నుండి 15 మిల్లీమీటర్లు వెడల్పుగా కోయాలి. అప్పుడే అది రెండు అంచులనూ ఒత్తుకుని నిలుస్తుంది. మందం వైపు మాత్రం ఎన్నడూ నొక్కకూడదు. 150 మిల్లీమీటర్ల పరుపును 100 మిల్లీమీటర్ల లోతులోకి కూరితే పీచంతా అక్కడే ఉంటుంది, గాలి పోతుంది, దానితో నిరోధమూ తగ్గుతుంది. తీగ అడ్డు వస్తే పరుపును మందంలో రెండుగా చీల్చి, సగం తీగ కిందా సగం తీగ పైనా ఉంచాలి. ఎక్కువ విద్యుత్తు మోసే తీగలను ఇలా కప్పితే అవి వేడెక్కుతాయి కనుక వాటి గురించి ముందుగా ఎలక్ట్రీషియన్‌ను అడగండి. లోకప్పులో దిగవేసిన దీపాల చుట్టూ, కప్పవచ్చునని వాటి మీద రాసి లేకపోతే, 75 మిల్లీమీటర్ల చోటు వదలాలి. చూరు దగ్గర గాలి లోపలికి వచ్చే దారిని మూయకండి. అక్కడ కనీసం 50 మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే అటకలో చెమ్మ నిలుస్తుంది.

దూలాల ఎత్తు వరకు నిండిన తరువాత రెండో పొరను వాటికి అడ్డంగా పరచాలి. కర్ర ఉష్ణవాహకత వూల్‌కు మూడు రెట్లు ఉంటుంది కనుక కప్పని ప్రతి దూలమూ వేడికి వంతెన అవుతుంది. అటకలోకి ఎక్కే మూత వెనుక కూడా ఒక పలక అంటించి, అంచుల చుట్టూ రబ్బరు పట్టీ వేయడం మరువకండి.

తరువాతి పాఠంలో గోడలనూ, చెమ్మను ఆపే పొరను ఏ వైపున వేయాలన్న ప్రశ్ననూ చూద్దాం. అప్పటికి మీ ఇంటి బయటి గోడల మందాన్ని ఒక కిటికీ దగ్గర కొలిచి, గోడ ఇటుకదా, కాంక్రీటుదా, లోపల ఖాళీ ఉన్నదా అన్నది రాసి ఉంచుకోండి.