గుడ్‌విల్ బిన్స్‌లో పౌండ్ల లెక్కన కొనడం ఎలా

అమెరికా వచ్చిన కొత్తలో, జనం దానం చేసిన పాత వస్తువులు అమ్మే గుడ్‌విల్ షాపు అందరికీ తెలుస్తుంది. ఎవరో ఒక సీనియర్ కారెక్కించుకుని తీసుకెళ్తారు, ఒక కుర్చీయో నాలుగు గిన్నెలో కొనుక్కొస్తాం. కానీ అదే గుడ్‌విల్‌కి ఇంకో రకం షాపు ఉందని, అక్కడ చాలా వస్తువులకి అసలు ధర ట్యాగే ఉండదని, కొన్నవి వేసుకున్న షాపింగ్ బండిని మొత్తంగా కాటా మీదకి తోసి బరువు చూసి డబ్బులు తీసుకుంటారని చాలామందికి తెలియదు. బయట బోర్డు మీద అవుట్‌లెట్ అని ఉంటుంది, వెళ్లేవాళ్లు మాత్రం బిన్స్, అంటే తొట్లు, అంటారు. నేను మొదటిసారి వెళ్లిన రోజు చవగ్గా వస్తున్నాయి కదా అని ఇరవై మూడు పౌండ్ల బట్టలు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి మంచం మీద కుమ్మరించి చూస్తే వేసుకోగలిగినవి నాలుగు. మిగతావాటిలో ఒకదానికి జిప్పు లేదు, ఒకదానికి చంక చిరిగి ఉంది, ఒకటి పిల్లల సైజు. తప్పు షాపుది కాదు, నాదే. ఆ తప్పు మీరు చేయకుండా ఉండటానికే ఇదంతా.

ముందు ఆ సరుకు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. జనం దానం చేసిన వస్తువులు మొదట మామూలు షాపుకి వెళ్తాయి, రంగు ట్యాగు వేసి పెడతారు, కొన్ని వారాలు చూసి అమ్ముడుపోనివాటిని బయటికి తీసేస్తారు. అలా తీసేసినవి ఇక్కడికి వస్తాయి. ఇక్కడ కూడా ఎవరూ కొనకపోతే బట్టల్ని పెద్ద పెద్ద బేళ్లుగా కట్టి టోకున అమ్మేస్తారు. అంటే మీ ముందున్న వస్తువుల్లో చాలావాటిని ఇంతకుముందు ఎంతోమంది చూసి వదిలేశారన్నమాట. అది రెండు కారణాల వల్ల అయి ఉంటుంది: దానిలో ఏదో లోపం ఉంది, లేదా అప్పుడు అడిగిన ధరకి ఎవరికీ అవసరం పడలేదు. మనం వెతకాల్సింది ఆ రెండో రకాన్ని. ఏదైనా చేతికి తగలగానే "ఇది ఇక్కడిదాకా ఎందుకొచ్చింది" అని ఒక్క క్షణం అనుకోండి, చాలాసార్లు జవాబు కాలర్ వెనకో కుట్టు దగ్గరో కనబడుతుంది.

ధర ఎంత అని అడిగితే ఒక్క మాటలో చెప్పలేం. ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్ట్ పాస్టర్ 1902లో బోస్టన్‌లో మొదలుపెట్టిన ఈ గుడ్‌విల్ ఇప్పుడు ఒకే కంపెనీ కాదు, 150కి పైగా స్థానిక సంస్థలు ఎవరి ప్రాంతాన్ని వాళ్లు నడుపుకుంటాయి. అందుకే ఒక ఊళ్లో పౌండు ధర ఇంకో ఊళ్లో ఉండదు, రూల్సూ ఒకేలా ఉండవు. కొన్నిచోట్ల బరువు పెరిగేకొద్దీ పౌండు ధర తగ్గిస్తారు, గాజు సామానుకి వేరే రేటు ఉంటుంది, పుస్తకాలకి ఒక్కోదానికి ఇంత అంటారు, ఫర్నిచర్ మీద విడిగా ధర రాస్తారు. గోడ మీద బోర్డు పెట్టి ఉంటుంది, లోపలికి వెళ్లగానే అది చదవండి. రాష్ట్రాన్ని బట్టి సేల్స్ ట్యాక్స్ పడొచ్చు.

పౌండంటే 454 గ్రాములు. లెక్క సులువుగా ఉండటానికి పౌండు రెండు డాలర్లనుకుందాం. ఒక మామూలు టీషర్ట్ అర పౌండు కూడా ఉండదు, డాలర్ లోపే. జీన్స్ పౌండున్నర అటూ ఇటూ, మూడు డాలర్లు. లావుపాటి ఉన్ని కోటు మూడు నాలుగు పౌండ్లు తూగుతుంది, అంటే ఎనిమిది డాలర్ల దాకా వెళ్తుంది. అదే చలిని ఆపే డౌన్ జాకెట్, లోపల ఈకలే కాబట్టి, ఒక పౌండు చుట్టూ తిరుగుతుంది. కొత్తది కొంటే ఈ రెండింటి ధరా ఎక్కడెక్కడో ఉంటుంది కానీ కాటాకి బ్రాండు తెలియదు, బరువే తెలుసు. కాబట్టి తేలికగా ఉండి బయట ఖరీదు ఎక్కువ ఉన్నవి ఇక్కడ బంగారం: పట్టు స్కార్ఫులు, కష్మీర్ స్వెటర్లు, వానకోట్లు, హైకింగ్ బట్టలు, లినెన్ చొక్కాలు. బరువుగా ఉండి బయట కూడా చవగ్గా దొరికేవి, పాత కర్టెన్లు, దుప్పట్లు, లావు పుస్తకాలు, ఇవి చూడ్డానికి బేరంలా ఉంటాయి గానీ కాదు. అయిదు పౌండ్ల ఇనుప పెనం లెక్కన పది డాలర్లు, కొత్తది కూడా దానికి మరీ దూరంలో ఉండదు, అలాంటివి కాస్త ఆలోచించి తీసుకోవాలి.

ఇక లోపల ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే మొదటిసారి వెళ్లినవాళ్లు కంగారు పడేది ఇక్కడే. చక్రాల మీద నడిచే పెద్ద పెద్ద తొట్లు, ఎక్కువగా నీలం రంగువి, వరసలుగా పెట్టి ఉంటాయి. బట్టలు ఒక పక్క, గిన్నెలూ బొమ్మలూ చెప్పులూ వైర్లూ కలగలిపి ఇంకో పక్క. కొంతసేపటికోసారి పాత వరసని తోసుకెళ్లిపోయి కొత్త తొట్లు తెస్తారు, దాన్ని రొటేషన్ అంటారు. కొత్తవి వస్తున్నప్పుడు అందరూ పక్కకి జరిగి నిలబడతారు, చాలాచోట్ల నేల మీద గీత కూడా ఉంటుంది. వరసంతా పెట్టేసి స్టాఫ్ సరే అనేదాకా చెయ్యి పెట్టకూడదు. ఒక్కడు ముందే చెయ్యి పెడితే అందరూ మీద పడతారు, అరుపులు మొదలవుతాయి, మాట వినకపోతే బయటికి పంపేస్తారు కూడా. సరే అనగానే మాత్రం ఆ మొదటి మూడు నాలుగు నిమిషాలు చూడాలి, బస్సులో సీటు కోసం తోసుకున్నట్టే ఉంటుంది. అక్కడికి రోజూ వచ్చేవాళ్లలో చాలామంది దీన్నే వ్యాపారంగా చేసుకునేవాళ్లు, ఆన్‌లైన్‌లో ఈబేలోనో పోష్‌మార్క్‌లోనో అమ్ముకుంటారు. చెప్పుల జత ఎక్కడుందో చేతి స్పర్శతో కనిపెట్టేస్తారు. వాళ్లతో పోటీ పడాలని చూడకండి. వాళ్లు పది నిమిషాల్లో పైపైన తిరగేసి ఇంకో వరసకి వెళ్లిపోయాక జనం లేని తొట్టి దగ్గర నింపాదిగా అడుగు దాకా వెతకండి. నాకు దొరికిన మంచివన్నీ అలా అడుగున దొరికినవే. ఒకసారి ఎవరో పడేసిన కంచి అంచు చీర తగిలింది, చుట్టుపక్కల ఎవరికీ అదేంటో తెలిసినట్టు లేదు, కర్టెన్ అనుకుని పక్కకి నెట్టేస్తున్నారు!

ఇంకొకరి బండిలో చెయ్యి పెట్టడం, బండి కాసేపు వదిలి వెళ్తే అందులోంచి తీయడం అక్కడ పెద్ద తప్పు. అలాగని మీ బండిని గాలికి వదిలేయకండి, అందరూ ఒకేలా ఉండరు.

చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, సగం మంది వేసుకునే ఉంటారు. పగిలిన గాజు, విప్పిన సేఫ్టీపిన్నులు, అప్పుడప్పుడు సూదులు కూడా తగులుతాయి. పలచటి ఆసుపత్రి గ్లవ్స్ చాలవు, అరచేతి వైపు రబ్బరు పూత ఉన్న తోటపని గ్లవ్స్ తీసుకోండి, గుడ్డ నాణ్యత వేళ్లకి తెలియాలి కాబట్టి మరీ మందంవి వద్దు. జేబుల్లో చెయ్యి దూర్చకండి, పైనుంచి తడిమి చూడండి. వాటితో పాటు మంచినీళ్లు, శానిటైజరు, రెండు ఏఏ బ్యాటరీలు, కొలత టేపు. టేపు ఎందుకంటే చాలా అవుట్‌లెట్లలో ట్రయల్ రూమ్ ఉండదు. మీకు బాగా సరిపోయే ఒక ప్యాంటు నడుము, పొడవు, ఒక చొక్కా భుజాల వెడల్పు ఇంటి దగ్గరే కొలిచి ఫోన్లో రాసుకోండి. లేబుల్ మీద సైజుని నమ్మకండి, పాతకాలం మీడియం ఇప్పటి మీడియం కాదు, పైగా ఎవరో డ్రయ్యర్‌లో వేసి కుదించేసి ఉంటారు.

బట్టల్ని ఎలా ఏరాలి? కళ్లతో కాదు, చేత్తో. కుప్పలో రంగులు చూస్తూ కూర్చుంటే తల తిరుగుతుంది. అరచేతిని గుడ్డల మీద నడిపిస్తూ వెళ్తే పాలియెస్టర్ జారుడు, ఉన్ని గరుకు, లినెన్ చల్లదనం, పట్టు మెత్తదనం కొద్దిరోజుల్లోనే తేడా తెలిసిపోతాయి. చేతికి నచ్చినదాన్ని లాగి లేబుల్ చూడండి. అమెరికాలో అమ్మే బట్టల లేబుళ్ల మీద తరచుగా ఆర్‌ఎన్ అని ఒక నంబర్ ఉంటుంది, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీదో వస్తుంది, బ్రాండు పేరు చెరిగిపోయిన వాటికి ఇది పనికొస్తుంది. ఉతికే పద్ధతి లేబుల్ మీద ఉండాలన్న రూల్ 1972లో అమల్లోకి వచ్చింది, కాబట్టి ఎవరూ కత్తిరించిన గుర్తు లేకుండా ఆ లేబులే లేకపోతే అది అంతకంటే పాతదేమో అని అనుమానించవచ్చు. లీవైస్ జీన్స్ వెనక జేబు దగ్గరి ఎర్ర ట్యాబ్ మీద ఇంగ్లీషు ఇ అక్షరం క్యాపిటల్‌లో (E) ఉంటే 1971కి ముందుది అయ్యే అవకాశం ఉంది, అలాంటివాటికి కలెక్టర్లు బాగానే ఇస్తారు. కానీ కంపెనీ తర్వాత అదే డిజైన్‌ని మళ్లీ కొత్తగా చేసి అమ్మింది కాబట్టి ఆ ఒక్క గుర్తు చూసి ఎగిరి గంతేయకండి.

వస్తువుల వైపు నా జాగ్రత్తలు కొంచెం ఎక్కువే. కరెంటు సామాన్లకి గోడకి ప్లగ్గు ఉందేమో అడిగి పెట్టి చూడండి, బ్యాటరీవైతే మీ జేబులోవి వేసి చూడండి, ఎందుకంటే కొన్నాక వెనక్కి తీసుకోవడం సాధారణంగా ఉండదు. ఇండియా తీసుకెళ్దామనే ఆలోచన ఉంటే ఇక్కడివి 120 వోల్టులవి, అక్కడ 230, కాబట్టి మిక్సర్లూ హీటర్లూ వదిలేయండి. ఇనుప పెనానికి తుప్పు పర్లేదు, తోమితే పోతుంది. పగులుంటే మాత్రం పనికిరాదు, వేలి కణుపుతో కొట్టి వినండి, గంటలా మోగితే బాగున్నట్టు, చప్పగా వినిపిస్తే పగులు ఉందేమో చూడండి. గీతలు పడ్డ నాన్‌స్టిక్ ఊరికే ఇచ్చినా వద్దు. పాత రంగురంగుల పింగాణీ మీది పూతలో సీసం ఉండొచ్చు, ముచ్చటపడితే షెల్ఫులో పెట్టుకోండి, అన్నం తినకండి. హెల్మెట్లూ పిల్లల కార్ సీట్లూ ఇక్కడ కొనకండి. ఒకసారి యాక్సిడెంట్‌లో దెబ్బ తిన్నాయో లేదో పైకి కనిపించదు, కార్ సీటుకైతే ఎక్స్‌పైరీ కూడా ఉంటుంది. పక్క కిందికి జారే పిల్లల ఉయ్యాల మంచాలు 2011 జూన్ నుంచి అమ్మడమే నిషేధం. పిల్లల వస్తువు ఏదైనా సరే, కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ సైట్‌లో రీకాల్, అంటే లోపం ఉందని వెనక్కి పిలిచిన ప్రకటన, ఉందేమో ఫోన్లో ఒకసారి వెతికాకే బండిలో వేయండి.

ఇప్పుడు అసలు పని. నింపేటప్పుడు ఆలోచించకండి, నచ్చింది వేసేయండి, ఎందుకంటే మీరు ఆలోచిస్తున్నంతలో పక్కవాళ్లు తీసుకుపోతారు. కాటా దగ్గరికి వెళ్లే ముందు మాత్రం బండిని ఒక మూలకి తోసుకెళ్లి కనీసం పావుగంట కూర్చోండి. ఒక్కోటీ తీసి లైటుకి అడ్డంగా పట్టుకోండి, ఉన్నివాటిలో పురుగు కొట్టిన సన్నటి కన్నాలు అలా మాత్రమే కనిపిస్తాయి. చంకలు, కాలర్, మోచేతులు, ప్యాంటుకి తొడల మధ్య, జిప్పు రెండు వైపులా. మరక చూసి ఉతికితే పోతుందిలే అనుకుంటాం చూడండి, అది పోదు, పోయేదైతే ఇచ్చినవాళ్లే పోగొట్టుకునేవాళ్లు. గుండీ ఊడితే కుట్టుకోవచ్చు, కుట్టు విడితే కుట్టుకోవచ్చు, కానీ మీరు నిజంగా సూదీ దారం పట్టే మనిషేనా అని కూడా అడగండి. నా బండిలో సగం ఇక్కడే వెనక్కి వెళ్లిపోతుంది. పక్కన పెట్టేసిన వాటిని నేల మీద పారేయకుండా తొట్టిలో వేసి రండి.

అమ్మకానికి కొంటున్నవాళ్లు ఈ పావుగంటలోనే గూగుల్ లెన్స్‌తో ఫోటో తీసి, ఈబేలో అమ్ముడుపోయినవాటి ఫిల్టర్ పెట్టి చూసుకోవాలి. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు, ఎంతకి పోయిందన్నదే లెక్క. పోస్టేజీ కూడా బరువు మీదే, అక్కడా తేలికవే నయం.

కొన్నవాటిని నేరుగా ఇంట్లోకి తీసుకురాకండి. మూతి బిగించిన చెత్త సంచిలో కట్టి డిక్కీలో పెట్టుకుని, అక్కడి నుంచి సరాసరి వాషింగ్ మెషిన్ దగ్గరికే. నల్లులంటే నాకు మహా భయం, అందుకని తట్టుకునే గుడ్డలన్నిటినీ డ్రయ్యర్‌లో బాగా వేడి మీద అరగంట తిప్పుతాను, నల్లులూ వాటి గుడ్లూ ఆ వేడికి చస్తాయి. చెప్పులు తుడిచి ఎండలో పెడతాను. ఉన్నీ పట్టూ డ్రయ్యర్‌లో వేస్తే అక్కరకు రాకుండా పోతాయి కాబట్టి వాటిని జిప్ సంచిలో పెట్టి సున్నా ఫారెన్‌హీట్‌లో ఉన్న ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచుతాను. మా ఇంట్లో ఫ్రీజర్ తలుపు తీసి పరోటా ప్యాకెట్ల పక్కన స్వెటర్ చూసినవాళ్లు ఒకసారి గట్టిగానే అరిచారు, మీరు ముందే చెప్పి పెట్టుకోండి.