పీపీఓలో ఆ ఒక్క మాట చూసుకోండి, తమ్ముళ్లూ

2002లో మన సైన్యాన్ని పాకిస్తాన్ సరిహద్దుకు తరలించిన ఆపరేషన్ పరాక్రమ్ అప్పుడు రాజస్థాన్ సరిహద్దులో మందుపాతరలు పెడుతుంటే ఒకటి పేలి నా ఎడమ పాదంలో ముందు సగం పోయింది. సర్వీసు పూర్తి చేసుకునే ఇంటికొచ్చాను. పెన్షన్ పడుతోంది కదా అని పీపీఓ, అంటే పెన్షన్ ఎంతో, ఎందుకో రాసిచ్చే పెన్షన్ పేమెంట్ ఆర్డర్, మడత విప్పి చూడలేదు. ఓ రోజు మా ఆవిడ దాన్ని ముందేసుకుని, "దెబ్బ తగిలింది బార్డర్‌లోనా, పరకాల బస్టాండ్‌లోనా? ఇందులో యుద్ధం అన్న మాటే లేదు" అంది.

నిజమే. 'వార్ ఇంజరీ ఎలిమెంట్' (యుద్ధ గాయానికిచ్చే పెన్షన్ భాగం) ఉండాల్సిన చోట 'డిసెబిలిటీ ఎలిమెంట్' (సర్వీసులో వచ్చిన మామూలు వైకల్యానికిచ్చే భాగం) అని ఉంది. సర్వీసు ముగించుకుని వచ్చినవాళ్లకు నూరు శాతం వైకల్యముంటే రెండోది జీతం లెక్కలో 30 శాతం, మొదటిది 60. నాకు మెడికల్ బోర్డు రాసింది 40 శాతం, దాన్ని 50గా లెక్కకడతారు. అంటే 15కి బదులు 30 రావాలి. మందుపాతరలు పెడుతూ గాయపడ్డా యుద్ధ గాయమే. 2001 జనవరి 31 నాటి రక్షణశాఖ ఉత్తర్వులో 'ఇ' కేటగిరీ చదవండి, స్పష్టంగా ఉంది.

మాటలతో పని జరగదు, కాగితం కావాలి. మూడు ముఖ్యం: ఇంజరీ రిపోర్టు, బ్యాటిల్ క్యాజువల్టీగా (యుద్ధంలో గాయపడ్డవాడిగా) యూనిట్ నమోదు చేసిన పార్ట్ టూ ఆర్డర్, సర్వీసు నుంచి వచ్చేటప్పుడు పరీక్ష చేసిన రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాలు. నా ట్రంకు పెట్టెలో మొదటిదొక్కటే దొరికింది, అదీ సగం చెదలు తిన్నది. మిగతావాటికి మన సర్వీసు కాగితాలుండే ఆర్మీ రికార్డ్స్ ఆఫీసుకు పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి ఆర్టీఐ వేశాను. ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చట్టం. అప్లికేషన్‌లో ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్ తప్పకుండా రాయండి.

కాపీలు చేతికొచ్చాక పీపీఓ సవరించమని రికార్డ్స్ ఆఫీసుకే స్పీడ్ పోస్టులో పంపండి, రక్షణశాఖ పెన్షన్ల వెబ్‌సైట్ స్పర్శ్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. ఇంగ్లిష్ రాయడం టెన్షన్ అనిపిస్తే హనుమకొండ సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. నాకు ఓ చోట "ఇన్నేళ్లు ఏం చేశావ్?" అని కసిరారు. పట్టించుకోకండి. కానీ ఆలస్యం ఖరీదైనదే: సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు ఆలస్యంగా వెళ్తే బకాయిలు మామూలుగా మూడేళ్ల వెనక్కి మాత్రమే ఇస్తారు. మన తెలంగాణ కేసులు చెన్నై బెంచి కిందికొస్తాయి.

ఈలోగా లైఫ్ సర్టిఫికెట్ మరిచిపోతే ఉన్న పెన్షనే ఆగుతుంది. పోస్టాఫీసు రసీదులన్నీ మా ఆవిడ బియ్యం డబ్బా మీద పెట్టిన పాత ఫైల్లోనే ఉన్నాయి.