ఇంట్లో వెల్డింగ్: మొదటి బీడ్ (కరిగిన లోహపు అతుకు గీత) వేయడం

ఇన్వర్టర్ ఆర్క్ వెల్డింగ్ మెషిన్, 2.5 మి.మీ. ఇ6013 రకం వెల్డింగ్ రాడ్లు, 3–5 మి.మీ. మందం మైల్డ్ స్టీల్ ముక్కలతో మొదలుపెట్టండి. షేడ్ (అద్దం నలుపు స్థాయి) 10 లేదా 11 ఉన్న వెల్డింగ్ హెల్మెట్, తోలు గ్లోవ్స్, మందపాటి నూలు బట్టలు తప్పనిసరి. గాల్వనైజ్డ్ (జింక్ పూత ఉన్న) ఇనుము జోలికి వెళ్లొద్దు, జింక్ పొగ జ్వరం తెప్పిస్తుంది.

తుప్పు, పెయింటు గీకేసి, మెషిన్ రెండో తీగ చివరుండే ఎర్త్ క్లాంప్‌ను మెరిసే లోహానికే బిగించండి. ఆర్క్ (రాడ్డు కొన దగ్గర వెలిగే విద్యుత్ మంట) నిలవకపోతే ముందు చూడాల్సింది అదే! కరెంటు 75 ఆంపియర్లు. రాడ్డును అగ్గిపుల్లలా గీసి, దాని మందమంత ఎడం ఉంచి, కొద్దిగా వంచి నెమ్మదిగా లాగండి. అతుక్కుపోతుంటే కరెంటు తక్కువ. అంచుల్లో గాడి పడితే ఎక్కువ. చిటపటలు పెరిగి బీడ్ చెదిరితే ఎడం ఎక్కువైనట్టు.

స్లాగ్ (బీడ్ మీద గట్టిపడే పెంకు) కొట్టేటప్పుడూ కళ్లద్దాలు ఉండాలి. పనయ్యాక అరగంట అక్కడే ఉండి, నిప్పురవ్వలు ఎక్కడా రాజుకోలేదని చూడండి.