లిస్ట్‌బాక్స్‌లో మౌస్ – 4వ పాఠం: కుడి క్లిక్ ఏ వరుస మీద పడింది?

పోయిన పాఠంలో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి దుకాణం కోసం, సీ షార్ప్ భాషలో, కిటికీలు, బటన్లు తయారు చేసే విండోస్ ఫార్మ్స్‌తో, లిస్ట్‌బాక్స్‌లో (వరుసల జాబితా చూపే పెట్టెలో) మిర్చి లాట్ల జాబితా తయారు చేసుకున్నాం. తేజ 42 బస్తాలు, వండర్ హాట్ 18, చపాట 25. ఈసారి కుడి క్లిక్‌తో మెనూ తెరిచి లాట్ తీసేద్దాం.

ఈ పనిలో నేను మొదట్లో చేసిన తప్పు ఇప్పటికీ గుర్తుంది. గుమాస్తా చపాట మీద కుడి క్లిక్ చేసి ‘తీసెయ్’ నొక్కాడు. పోయింది మాత్రం తేజ లాట్. అవతల రైతు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) కోసం నిలబడి ఉన్నాడు. ఎంత టెన్షన్ పడ్డానో! అసలు సంగతేమిటంటే, లిస్ట్‌బాక్స్ ఎడమ క్లిక్‌కే వరుసను ఎంచుకుంటుంది. కుడి క్లిక్ చేస్తే పాత ఎంపికే అలాగే ఉంటుంది. నేను ఎంపికైన వరుస సంఖ్యను చెప్పే సెలెక్టెడ్‌ఇండెక్స్‌ను నమ్మాను.

కాబట్టి మౌస్ బటన్ నొక్కగానే వచ్చే మౌస్‌డౌన్ ఈవెంట్‌లోనే వరుసను మనం ఎంచాలి. ముందు నొక్కింది కుడి బటనేనా చూడండి. ఈవెంట్ ఇచ్చిన లొకేషన్‌ను (నొక్కిన చోటును) ఇండెక్స్‌ఫ్రమ్‌పాయింట్‌కు అందిస్తే వరుస సంఖ్య వస్తుంది. లెక్క 0 నుంచి మొదలు, అంటే మన జాబితాలో చపాట 2. ఏ వరుసా దొరక్కపోతే -1.

ఇక్కడ తొందరపడొద్దు. వచ్చిన సంఖ్య 0కి తగ్గకుండా, మొత్తం లాట్ల సంఖ్యకు లోపల ఉండాలి. ఆపైన గెట్‌ఐటమ్‌రెక్టాంగిల్‌తో ఆ వరుస దీర్ఘచతురస్రం తీసుకుని, నొక్కిన చోటు అందులోనే ఉందా అని కంటైన్స్‌తో అడగండి. కింద ఖాళీలో నొక్కినప్పుడు చివరి లాట్ చేతికి రాకుండా ఇదే కాపలా. లోపలే ఉంటే ఆ సంఖ్యను సెలెక్టెడ్‌ఇండెక్స్‌లో పెట్టండి. లేదంటే ఎంపికను తీసేసే క్లియర్‌సెలెక్టెడ్ పిలవండి.

మౌస్ వదిలాకే మెనూ తెరుచుకుంటుంది కాబట్టి అప్పటికి ఎంపిక సరిగ్గా ఉంటుంది. మెనూ తెరుచుకునే ముందు వచ్చే ఓపెనింగ్ ఈవెంట్‌లో సెలెక్టెడ్‌ఇండెక్స్ -1 అయితే (ఏదీ ఎంపిక కాకపోతే) క్యాన్సిల్‌ను ట్రూ చేయండి. ఖాళీ చోట మెనూ రాదు.

లొకేషన్ బదులు, మౌస్ బాణం ఎక్కడుందో చెప్పే కర్సర్.పొజిషన్ వాడకండి. అది మొత్తం స్క్రీన్ మూల నుంచి కొలత, మనకు కావాల్సింది జాబితా మూల నుంచి. వాడక తప్పకపోతే పాయింట్‌టుక్లయింట్‌తో మార్చుకోండి.

ఇప్పుడు తేజను ఎడమ క్లిక్‌తో ఎంచి, చపాట మీద కుడి క్లిక్ చేయండి. నీలి పట్టీ చపాట మీదికి దిగాలి. తర్వాత విండోను స్క్రీన్ ఇంకో మూలకు జరిపి మళ్ళీ నొక్కి చూడండి.