నల్లా నీళ్లలో కంటికి ఆనని పురుగులు: సంపు, ట్యాంకు ఎలా కడగాలి?

మా సంపు అడుగు మడ్డి ఒక్క చుక్క తీసి, మా అబ్బాయి మైక్రోస్కోపు కింద పెట్టాం. మిల్లీమీటరు కూడా లేని దారపు పోగు ఒకటి పాములా మెలికలు తిరుగుతోంది. ఇవి పిల్లల కడుపులోని నులిపురుగులకు చుట్టాలే గానీ, వాటంతట అవి మనల్నేమీ చేయవు. బ్యాక్టీరియాను తిని బతుకుతాయి. చిక్కల్లా అక్కడే: తిన్నదంతా వెంటనే అరగదు, పురుగు పొట్టలో ఉన్నదానికి క్లోరిన్ తగలదు. టైఫాయిడ్, రక్తవిరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా, షిగెల్లా బ్యాక్టీరియా ఇలా తప్పించుకోగలవని అమెరికా పరిశోధకులు 1960లోనే రాశారు. కాబట్టి నీళ్లు క్లోరిన్ వాసన వస్తున్నాయి కదా అని ధీమా పడొద్దు.

మంజీర, కృష్ణా, గోదావరి... ఏ నీళ్లొచ్చినా హైదరాబాద్‌లో చివరికి చేరేది మన సంపులోకే. అక్కడి మడ్డే ఈ పురుగులకు ఇల్లు.

ముందు నల్లా వచ్చే రోజు చూసుకుని సంపు ఖాళీ చేయండి. అడుగు మడ్డినీళ్లు మోటారుతో పైకి ఎక్కించొద్దు, బకెట్లతో తోడి పారేయండి.

దిగే ముందు మూత తీసి గంటల తరబడి గాలి ఆడనివ్వండి. ఒంటరిగా ఎవరూ దిగొద్దు, పైన ఒక మనిషి ఉండాల్సిందే. లోపల ఊపిరాడక పడిపోయినవాళ్లను లాగబోయి ఇంకొకరు పోవడం చాలాసార్లు చూశాం. లోతైన సంపైతే పనివాళ్లకే వదిలేయడం మంచిది.

మూలలు, పైపు నోళ్లు బ్రష్‌తో రుద్ది కడగండి. తర్వాత నీళ్లు నింపి, వెయ్యి లీటర్లకు సుమారు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ లెక్కన బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రం పోయండి. ఒక రోజు ఉంచి మొత్తం పారబోసి, ఘాటు పోయేదాకా కడగండి. యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. పైట్యాంకుకూ ఇదే పద్ధతి.

తాగే నీళ్లు కుతకుత మసిలాక ఇంకో నిమిషం ఉంచండి. పురుగూ, దాని పొట్టలోదీ రెండూ చస్తాయి. గుడ్డతో వడకడితే చాలదా అంటారా? నారికురుపు (చర్మం చీల్చుకుని పొడవాటి పురుగు బయటికొచ్చే జబ్బు) రోజుల్లో అది పనిచేసింది, ఎందుకంటే ఆ పురుగు పిల్లను మోసే సైక్లాప్స్ అనే నీటి జీవి పెద్దది, గుడ్డలో చిక్కేది. ఈ సన్నపోగు జారిపోతుంది.

కాచిన నీళ్లు అదే గిన్నెలో మూతపెట్టి చల్లారనివ్వండి. చేయి పెట్టి ముంచకుండా, పిడి ఉన్న గరిటెతో తీసుకోండి.