అర్జీలో ‘కనికరించండి’ అని రాయకండి

పోయిన నెల ఒక పొద్దున మా వీధి చివరి అక్క రేషన్ షాపు నుంచి ఖాళీ సంచితో వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. వారాసిగూడలో నాలుగు ఇళ్లలో అంట్లు తోముతుంది. “ఏలు పడ్తలేదంట టీచరమ్మా, వచ్చే నెల రమ్మన్నడు” అంది. చెయ్యి తీసుకుని చూశాను. బొటనవేలి గీతలు అరిగిపోయాయి, సబ్బునీళ్లలో నాని చర్మం పగిలింది. ఆ వేలిని షాపులోని వేలిముద్ర మెషిన్ గుర్తుపట్టకపోవడంలో వింతేమీ లేదు. దానికోసం నలుగురికి రావాల్సిన 24 కిలోల బియ్యం ఆపడం మాత్రం అన్యాయం.

ఎవరితోనో రాయించుకున్న అర్జీ కూడా తెచ్చింది. “నిరుపేదరాలినైన నన్ను తమరు దయతలచి కనికరించి...” అని మొదలైంది. నేను ముందు కొట్టేసింది ఆ వాక్యాన్నే. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు సోషల్ చెప్పాను, రిటైరయ్యాక ఇలాంటి అర్జీలు రాసిపెడుతున్నాను. బాకీ వసూలుకు వెళ్లినవాళ్లు కనికరించమని అడగరు కదా!

ఇది బాకీ ఎలా అవుతుందంటే, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979 ఏప్రిల్ 10న చేరింది. తిండి, ఇల్లు 11వ అధికరణంలో, ఆరోగ్యం 12లో, చదువు 13లో ఉన్నాయి. ఒప్పుకున్న ప్రభుత్వానికి మూడు పనులు ఉంటాయి. హక్కుకు తాను అడ్డు రాకూడదు, ఇంకొకరిని అడ్డు రానివ్వకూడదు, అందనివాళ్లకు తానే అందించాలి. అక్క విషయంలో మూడూ తప్పాయి. మెషిన్ పెట్టింది ప్రభుత్వమే, వెనక్కి పంపిన డీలర్‌ను అడిగినవాళ్లు లేరు, బియ్యం ఇంటికి రాలేదు.

“నిధులు లేవమ్మా” అనే మాట కూడా వింటుంటాం. ఉన్న వనరులన్నీ వాడి అంచెలంచెలుగా నెరవేర్చాలని ఒడంబడిక రెండో అధికరణం చెబుతుంది. అంటే కొంత గడువు ఇస్తుంది. కానీ ఆకలి తీరేంత తిండి లాంటి కనీసాన్ని అంచెల పేరుతో వాయిదా వేయకూడదని ఈ ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ 1990లోనే స్పష్టం చేసింది.

ఇదంతా మీ ధైర్యం కోసం. అర్జీలో మాత్రం జెనీవాలోని ఆ కమిటీ ప్రస్తావన పెట్టకండి. వ్యక్తులు నేరుగా ఆ కమిటీకి ఫిర్యాదు చేసే 2008 నాటి అదనపు ఒప్పందంలో మన దేశం చేరలేదు. రేషన్ చూసే సర్కిల్ ఆఫీసులో పని జరిగేది మన చట్టంతోనే.

మొదటి పేరాలో జరిగింది మాత్రమే రాయండి. కార్డు నంబరు, షాపు నంబరు, వెళ్లిన తేదీ, టైం, ఎన్ని కిలోలు రావాలి, డీలర్ ఏమన్నాడు. అతను అన్నది అన్నట్టే రాయాలి. నేను అతని మాటను అక్క చెప్పినట్టే దించాను: “వేలు పడ్తలేదు, వచ్చే నెల రా”. కష్టాల చిట్టా వద్దు. భర్త పోయిన సంగతి రాయమని అక్క బతిమాలింది. రాయలేదు. అందుకు ఆమె మనసు నొచ్చుకుంది, నాకూ బాధేసింది. కానీ ఆ బియ్యం ఆమె దుఃఖానికి ఇచ్చేది కాదు, కార్డు మీద హక్కుగా వచ్చేది.

రెండో పేరాలో చట్టం. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకైతే ఇంటికి 35. మన తెలంగాణ రాష్ట్రం మనిషికి 6 కిలోలు ఇస్తోంది. వేలిముద్ర పడలేదన్న ఒక్క కారణంతో రేషన్ ఆపొద్దని కేంద్రం 2017లో రాష్ట్రాలకు చెప్పింది, అదీ రాయండి. హక్కుగా రావాల్సిన ధాన్యం ఇవ్వకపోతే డబ్బు రూపంలో భత్యం ఇవ్వాలని 8వ సెక్షన్ అంటుంది. మీ కార్డు కేంద్ర చట్టం కిందదా, రాష్ట్రం సొంతంగా ఇచ్చిందా అన్నది ముందే చూసుకోండి. ఆ సెక్షన్ కేంద్ర చట్టం కార్డులకే.

చివర్లో ఏం కావాలో తేదీతో అడగండి. “ఈ నెల కోటా ఫలానా తేదీలోగా కంటి స్కాన్‌తో గానీ రిజిస్టర్ సంతకంతో గానీ ఇప్పించాలి” అని. “తగు చర్య తీసుకోగలరు” అని ముగిస్తే ఆ తగు చర్య ఏమిటో వాళ్లే తేల్చుకుంటారు.

రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి రెండు కాపీలతో వెళ్లి, ఒకదానిపై ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర పడే దాకా కౌంటర్ దగ్గరి నుంచి కదలొద్దు.

ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. “ఎందుకు ఇవ్వలేదు” అని అడిగితే దాటేస్తారు. నా అర్జీ ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లింది, వేలిముద్ర పడనివాళ్లకు ఎలా ఇవ్వాలో చెప్పే ఉత్తర్వు కాపీ ఇవ్వండి అని అడగాలి. కాగితం అడిగితే కాగితం ఇవ్వాల్సిందే.

బడి విషయంలోనూ ఇదే పద్ధతి. వయసు ధ్రువపత్రం లేదని ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను చేర్చుకోకపోతే 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ రాయండి.

అక్కకు పదకొండో రోజున కంటి స్కాన్‌తో బియ్యం ఇచ్చారు. ఆ సాయంత్రం వేళ్లు పడని మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ల షాపు నంబర్లు, వెళ్లిన తేదీలు తనే అడిగి చెబుతుంటే నేను రాసుకున్నాను.